రసచిత్రము, భావచిత్రము: నేతవాడ పటమును గూర్చి

హుమ్నాబాదులో బస్సెక్కినచో గంట గడవకముందే బసవకల్యాణము చేరవచ్చును. మన తెలుగు కుటుంబములవారిలో ఆ యూరు చూడనివారు తక్కువ. కొందరు బసవేశ్వరుని పేరు తలచుకొని పోవుదురు, కొందరు కోట చూడబోవుదురు, మరికొందరు పెండ్లి సంబంధములకై పోవుదురు. నేను ఉద్యోగములో నున్నంతకాలము కాగితముల కట్టలు పట్టుకొని పోయి వచ్చుచుంటిని. ఆ యూరి రాజొకడు చిత్రలేఖనమును గూర్చి తొమ్మిది వందల యేండ్ల క్రిందట వ్రాసిన మాటలు, మన పెద్దలు విడిచివచ్చిన తెలంగాణపు పల్లెలలో రాత్రివేళ వ్రేలాడదీసెడి పటమును అర్థము చేసికొనుటకు పనికివచ్చునని పింఛను పుచ్చుకొన్న తరువాతగాని నాకు తెలియలేదు. ఆ సంగతియే యిచ్చట విన్నవించుచున్నాను.

కల్యాణము పశ్చిమ చాళుక్యుల రాజధాని. మొదటి సోమేశ్వరుడు 11వ శతాబ్దపు నడుమ మాన్యఖేటమును విడిచి యిక్కడ రాజధానిని స్థిరపరచెను. ఆ మాన్యఖేటమే గుల్బర్గా జిల్లాలోని మల్ఖేడు. అతని కుమారుడు ఆరవ విక్రమాదిత్యుడు 1076 మొదలు 1126 వరకు ఏబది సంవత్సరములు రాజ్యము చేసెను. కాశ్మీరమునుండి వచ్చిన బిల్హణుడు ఆ రాజుపై కావ్యము చెప్పినది యీ యాస్థానముననే. విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్రాసినది యీ యాస్థానముననే. మితాక్షర పేరు వినగానే మాబోటి గుమాస్తాలకు వారసత్వపు తగవులు జ్ఞప్తికి వచ్చునుగాని చిత్రకళ జ్ఞప్తికి రాదు. విక్రమాదిత్యుని కుమారుడు మూడవ సోమేశ్వరుడు. భూలోకమల్లుడనియు, సర్వజ్ఞచక్రవర్తియనియు అతనికి బిరుదులు. 1126 నుండి 1138 వరకు ఏలెను. తండ్రివలె కత్తికి పేరుపడినవాడు కాడు. 1130 ప్రాంతమున మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. అయిదు వింశతులు, ఒక్కొక్కదానిలో ఇరువది అధ్యాయములు, వెరసి నూరు. ఏనుగులను పట్టుట, రత్నములను పరీక్షించుట, వంటలు, ఆటలు, సంగీతము, అన్నియు నందున్నవి. మన యిడ్డెనకు పూర్వరూపమని పండితులు చెప్పెడి ఇడ్డరిక కూడ నందే కలదు. ఈ గ్రంథమును బరోడావారు గైక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలలో మూడు సంపుటములుగా 1925 మొదలు 1961 వరకు అచ్చువేసిరి.

మూడవ వింశతిలో రాజుండదగిన గృహములను వర్ణించుచు, గోడలమీద బొమ్మలు వ్రాయించు విధమును సోమేశ్వరుడు వివరించెను. గోడను నునుపుచేయుట, ఎనుముతోలును ఉడికించి వజ్రలేపమను జిగురు చేయుట, దీపపుమసిని అన్నముతో మెదిపి గీతలు గీయుటకు కణికలు చేయుట, దూడచెవి వెండ్రుకలతో కుంచె కట్టుట, శంఖమునుండి తెలుపు, ఇంగిలీకమునుండి ఎరుపు, హరిదళమునుండి పసుపు, మసినుండి నలుపు తీయుట, ఇట్లు పనివాని ప్రక్కన కూర్చుండి చూచినవానివలె వ్రాసెను. రాజు స్వయముగా చూడకున్నచో దూడచెవి మాట తోచదని నా యభిప్రాయము.

తరువాత చిత్రములను అయిదు విధములుగా విభజించెను. అద్దములోని ప్రతిబింబమువలె ఉన్నదున్నట్లు వ్రాసినది విద్ధచిత్రము. ఆకారము మాత్రము స్ఫురించునట్లు తోచినదానిని వ్రాసినది అవిద్ధచిత్రము. చూచినంతనే శృంగారాది రసములు మనసునకు తెలిసినచో నది భావచిత్రము. తడిరంగులతో వ్రాసినది రసచిత్రము. పొడిరంగులతో వ్రాసినది ధూళిచిత్రము. ఈ చివరిదాని పేరు వినగానే మన యాడవారు వాకిట వేయు ముగ్గు కన్నులకు కట్టును. రసచిత్రమను మాట వినగానే నేను మొదట పొరబడితిని. రసమనగా కరుణ, వీరము మొదలైనవని తలచితిని. అది కాదు, ఇక్కడ రసమనగా ద్రవము, పండ్లరసమనునప్పుడు మన మెట్లు వాడుదుమో అట్లే. కనుక మనము నేడు నీటిరంగుల బొమ్మ యనుదానిని కల్యాణపు రాజు రసచిత్రమని పిలిచినట్లే చెప్పవచ్చును. రంగు దేనితో కలిపితివను ప్రశ్న వేరు, చూచువాని మనసులో ఏమి పుట్టినదను ప్రశ్న వేరు. ఈ రెంటిని రెండు పేర్లతో విడదీయుట చిన్నపని కాదు. మంచి కాగితము, మంచి రంగులు ఉన్నంతమాత్రమున మంచి బొమ్మ కాదని అందరకు తెలియును. అతడు దానికి పేరుపెట్టి చూపెను.

ఇక పటము సంగతి. వరంగల్లు, నల్లగొండ, కరీంనగరు ప్రాంతముల పల్లెలలో కులపురాణములను బొమ్మలు చూపుచు చెప్పు కథకులు తరతరములుగా నున్నారు. పద్మశాలీలకు చెప్పువారు కూనపులివారు, మాదిగలకు చెప్పువారు డక్కలివారు, ముదిరాజులకు చెప్పువారు కాకిపడిగెలవారు. ఒక్కొక్క కుటుంబమునకు కొన్ని గ్రామములు మిరాసీగా నుండును; ఆ గ్రామములలో నింకొకరు కథ చెప్పరాదు. కథ చెప్పువారు బొమ్మలు వ్రాయరు. వ్రాయువారు నకాషీలు. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి, 2016లో జిల్లాలు విభజింపబడినప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల యీ పనికి ప్రసిద్ధి. పటము వెడల్పు ఇంచుమించు మూడడుగులు, పొడవు ముప్పది నలువది అడుగులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నుండును. పద్మశాలీల పురాణపటములలో 1625వ సంవత్సరపుది యొకటి హైదరాబాదులో జగదీశ్, కమలా మిత్తల్ గార్ల ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. గోలకొండలో సుల్తాను మహమ్మదు కుతుబ్ షా ఏలుచున్న కాలమది.

పటము తయారుచేయు విధము చెప్పిన, పైన చెప్పిన రాజుగారి మాటలు మరల వినినట్లే యుండును. చేనేత బట్టను తీసికొని దానికి గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, బంకనీరు కలిపి పూతలు పూసి ఆరబెట్టుదురు. బట్ట కాగితమువలె బిగిసి, చుట్టినను పగులక యుండును. ఉడుతతోక వెండ్రుకలతో కుంచె. దీపపుమసితో నలుపు, ఇంగిలీకముతో ఎరుపు, నీలిమందుతో నీలము. రంగులన్నియు బంకనీటిలో కలిపినవే. నూనె చుక్కయైనను లేదు. దూడచెవికి బదులు ఉడుతతోక, తోలుజిగురుకు బదులు చింతగింజ. మసి మాత్రము మారలేదు. కావున పటము నిస్సందేహముగా రసచిత్రము. భావచిత్రము కూడ అగునా యన్నదే ప్రశ్న.

కథ తెలియనివారికై క్లుప్తముగా చెప్పుదును. మృకండునకు శివుడు పదునారేండ్ల ఆయువుగల కుమారు నిచ్చెను. గడువు తీరగా యముడు పాశము విసరెను. బాలుడు శివలింగమును కౌగిలించుకొనెను. లింగమునుండి శివుడు వెలువడి యముని కాలదన్నెను. ఇంతవరకు అందరు ఎరిగినదే. నేతవారి కథ యిటుపైన మొదలగును. దేవతలకు కట్టుకొన బట్టలు లేవు. మార్కండేయుడు యజ్ఞము చేయగా అగ్నిగుండమునుండి భావనాఋషి పుట్టెను. విష్ణువు నాభికమలపు తూటినుండి నూలు తీసి బట్ట నేసి దేవతల కిచ్చెను. సూర్యుని కుమార్తె భద్రావతిని పెండ్లాడెను. పులి ఆయనకు వాహనము. కాలవాసురుడను రాక్షసునితో యుద్ధము జరిగెను. ఆ రాక్షసుని దేహమునుండియే బట్టలకు రంగులు పుట్టినవని కథ. మార్కండేయుని కథ ప్రాచీన పురాణములది. భావనాఋషి కథ మధ్యయుగములలో మగ్గములమధ్య పెరిగి, 1625 నాటికి పటమెక్కి యున్నది. నేతవాని కథను నేతబట్టమీదనే వ్రాయుట నాకెప్పుడును వింతగా తోచును. కథలో మొదటి బట్ట పుట్టుచుండగా, చూచువాని యెదుట వ్రేలాడుచున్నది కూడ బట్టయే.

పటపు కూర్పు చూడుడు. పైన మొదట విఘ్నేశ్వరుడు. అటుపైన పటమంతయు అడ్డముగా వరుసలు, వరుసకు వరుసకు నడుమ పూలతీగెల అంచు. గుమాస్తా పని చేసినవానికి మొదట రిజిస్టరు జ్ఞప్తికి వచ్చును. నేతవానికి చీర జ్ఞప్తికి వచ్చును, అతడే సరియైనవాడు. ఒక వరుసలో రెండు మూడు ఘట్టము లుండవచ్చును. నడుమ ఒక చెట్టో స్తంభమో వాటిని విడదీయును. వెనుకతట్టంతయు ఇంగిలీకపు ఎరుపు. ఆకాశము లేదు, నేల లేదు, నీడ లేదు, పగలు రాత్రి భేదము లేదు. దూరపు వస్తువు చిన్నది, దగ్గరి వస్తువు పెద్దది యను నియమము లేదు. ఘనుడు పెద్దవాడు, అల్పుడు చిన్నవాడు, అదే నియమము. ముఖములు ప్రక్కవాటుగా నుండును, కన్నులు పెద్దవి, కనుపాపలు నిండుగా నుండును. దేవుడు నీలము, దేవి పసుపు, రాక్షసుడు ముదురురంగు. ఏడ్చువానికిని నవ్వువానికిని ముఖము ఒక్కటే.

ఈ చివరి సంగతినిబట్టియే చదువుకొన్నవారు కొందరు పటమును మొరటుపని యని తీసివేయుదురు. నేను కూడ చిన్నతనమున అట్లే తలచితిని. పదేండ్ల వయస్సున మా మేనమామగారి యూరికి పోయినప్పుడు నేతవాడలో కూనపులివారు వచ్చి మూడు రాత్రులు కథ చెప్పిరి. రెండు గుంజలు పాతి అడ్డముగా కర్ర కట్టి పటము వ్రేలాడదీసిరి. ప్రక్కన పెట్రోమాక్సు దీపము. చుట్టిన పటమును కథ నడచిన కొలది విప్పుచుందురు. రాబోవు ఘట్టము చుట్టలోనే యుండును, కనుక చూచువారు తొందరపడి ముందునకు పోలేరు. ముసలి కథకుడు సన్నని బెత్తముతో బొమ్మను చూపుచు చెప్పుచుండెను. పాశము పడు ఘట్టము వచ్చినప్పుడు ఆడవారు కొంగులు కన్నుల కద్దుకొనిరి. నాకు మాత్రము ఏడ్పు రాలేదు, ఏలయన బొమ్మలోని బాలుడు ఏడ్చుట లేదు. కథ ఆగినప్పుడు కథకుని దగ్గరకు పోయి, "అందరి మొఖాలు ఒక్క తీరుగనే ఉన్నయి గద తాతా, ఏడ్చే మొఖం ఏది?" అని యడిగితిని. ఆయన చుట్ట తీసి, "మొఖం నేను జెప్త బిడ్డా, నువ్వు చేతులు జూడు" అనెను.

ఆ మాట నాకు నలువది యేండ్లవరకు అర్థము కాలేదు. మరునాటి రాత్రి చేతులు చూచితిని, అంతే. ఇప్పుడు ఆ ఘట్టమును మనసున నిలుపుకొని చూచినచో, నకాషీ ఏమి చేసెనో తెలియుచున్నది. వరుసకు కుడివైపున యముడు, దున్నపోతుమీద, వరుస ఎత్తంతయు నిండియున్నాడు. కొమ్ముల కొన పైయంచును తాకుచున్నది. ఎడమవైపున లింగము. దాని మొదట బాలుడు, యముని మోకాలంతయైనను లేడు. వారి నడుమ అంతయు ఖాళీ, వట్టి యెరుపు. ఆ ఎరుపులోనుండి పాశము ఒక్క తెల్లని గీతగా సాగి బాలుని మెడను చుట్టుకొన్నది. వరుసలో మరియే చోటను ఇంత ఖాళీ లేదు. తక్కిన ఘట్టములలో చెట్లు, పక్షులు, పూలు క్రిక్కిరిసి యుండును. ఇక్కడ ఆయనకు చెట్టు వ్రాయుట రాక కాదు; ఆ బాలునకు సాయము వచ్చువారు లేరని చూపుటకు చెట్టును కూడ తీసివేసెను. ముఖము మారలేదు. చేతులు మాత్రము వ్రేళ్లు విడదీసి లింగమును చుట్టుకొన్నవి, పాశము ఒకవైపునకు లాగుచుండగా దేహము ఒరిగినది, చేతులు ఒరుగలేదు. అటుపైన లింగము చీలి శివుడు కనబడును. ఆయన కాలు యముని యెదను తాకుచున్నది. పాశము వచ్చిన దారినే కాలు ఎదురుగా పోవుచున్నది. అటునుండి గీత, ఇటునుండి కాలు. కూర్పంతయు ఈ రెండే.

భయము ముఖములోనే యుండవలెనను నియమము లేదని యీ బొమ్మ చెప్పుచున్నది. ఖాళీలో నుండవచ్చును, పెద్దచిన్నలలో నుండవచ్చును, చేతులలో నుండవచ్చును. నవరసములకు ముఖము చిట్లించుట నాటకమువాని పద్ధతి. నకాషీ ముఖమును కథకునకు విడిచిపెట్టెను. కథకుడు ఒక రాత్రి బాలుని ముఖమున భయము చెప్పును, మరియొక రాత్రి, వినువారు పుత్రశోకము పడినవారైనచో, తల్లి ముఖమునే ఎక్కువసేపు చెప్పును. ముఖమును వ్రాసి స్థిరపరచినయెడల ఇది సాగదు.

ఇట్లయినచో సోమేశ్వరుని భావచిత్ర లక్షణము పటమునకు పట్టదేమో యని నాకొక సందేహము కలిగెను. చూచినంతనే రసము తెలియవలెనని గదా ఆయన యన్నది. పటమును చూచినంతనే సగము తెలియును. మిగిలిన సగము వినవలెను. అయితే ఆ గ్రంథముననే మరియొక చోట, రంగులబొమ్మలతో కూడ కథ చెప్పువానిని చిత్రకథకుడని పేర్కొని, అతడు మేలైనవాడని రాజు మెచ్చుకొనెను. అనగా బొమ్మ పట్టుకొని కథ చెప్పువారు 1130 నాటికే కల్యాణపు ఆస్థానములో పరిచితులు. చిత్రమును ఒక అధ్యాయమునను, చిత్రకథకుని వేరొక చోటను పెట్టుట గ్రంథకర్త సౌకర్యము. నేతవాడలో ఆ రెండును ఒకే దీపము వెలుగున నుండెను. చిత్రకథి యనుపేరు మహారాష్ట్రమున నేటికిని నిలిచియున్నది. గోదావరి యొడ్డున పైఠణు పేర పిలువబడు బొమ్మలు, కొంకణమున పింగుళి గ్రామపు బొమ్మలు కాగితముమీద నీటిరంగులతో వ్రాసినవి. అవి చుట్టలు కావు, విడివిడి పుటలు. ఒక్కొక్క పుటను ఎత్తిచూపుచు రామాయణ భారత కథలు చెప్పుదురు. పుట విడిగా నున్నందున అందులో ఒక్క ఘట్టమే, పెద్ద మనుష్యులే యుందురు. మన పటములో వలె ముప్పది అడుగుల పొడవున కథ నడచిపోవుటలేదు. ఆ పింగుళి బొమ్మలలో యుద్ధఘట్టములు మన వానికంటె జోరుగా నుండునని నేను ఒప్పుకొందును; దుఃఖఘట్టములు మాత్రము మనవే మేలు.

మూడవ రాత్రి వాన వచ్చినది. పెద్దవాన కాదు, తూఱ. కథకుడు మాట మధ్యలో ఆపి, కొడుకును కేకవేసి, దీపము సంగతి కూడ చూడక పటమును చుట్టుట మొదలుపెట్టెను. అయినను క్రింది యంచున రెండు మూడు చినుకులు పడినవి. మరునాటి ఉదయము చూచితిని; ఆ చోట నీలము కరగి ఎరుపులోనికి దిగి, పూలతీగె ఒకటి కంది మచ్చగా మారియుండెను. నీటిరంగునకు నీరే శత్రువని అప్పుడు తెలిసినది. కథకుడు ఆ మచ్చను చూచి కోపపడలేదు. పాతబడి చినిగిన పటమును ఇంట ఉంచరాదనియు, పూజచేసి ఏటిలో కలుపుదురనియు మా మేనత్త చెప్పినది. రాజస్థానమున పాబూజీ కథ చెప్పు భోపాలు కూడ తమ ఫడును ఇట్లే పుష్కర సరస్సులో విడుచుదురు. దానిని చల్లబరచుట యందురు. ప్రదర్శనశాలలవారికి ఇది వినుటకు బాధగా నుండవచ్చును. 1625 నాటి పటము మిగులుట, ఎవరో ఒకరు ఆ యాచారమును తప్పుటవలననో, మరచుటవలననో జరిగియుండును. ఆ తప్పు చేసినవానికి నేను ఋణపడియున్నాను.

ఇక మన సంగతి. మన బీదరు జిల్లా 1956 నవంబరు 1వ తేదీవరకు హైదరాబాదు సంస్థానపు రాష్ట్రములోనిది. కన్నడము, మరాఠీ, తెలుగు, ఉర్దూ నాలుగును ఒకే కచేరీలో వినబడుచుండెను. భాషారాష్ట్రములు ఏర్పడినప్పుడు జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు ఆంధ్రప్రదేశములోని మెదకు జిల్లాకు పోయినవి. హుమ్నాబాదు మైసూరు రాష్ట్రమున చేరినది. అప్పటికే యిక్కడ స్థిరపడిన మన పెద్దలు ఎక్కడివారక్కడ నుండిపోయిరి. ఈ ఊరిమీదుగా పోవు హైదరాబాదు, షోలాపురముల రహదారినే తెలంగాణపు నేతవారు ఎందరో పడమటికి పోయిరి. షోలాపురమున మిల్లులు, మగ్గములు ఉన్నవి. శ్రావణ పూర్ణిమనాడు అక్కడి పద్మశాలీలు మార్కండేయుని రథోత్సవము నేటికిని ఘనముగా జరుపుదురు. దేవుడు వెంట వచ్చెను, పండుగ వెంట వచ్చెను. పటము మాత్రము మన యీ ఊరికి రాలేదు. కూనపులివారి మిరాసీ గ్రామముల జాబితాలో హుమ్నాబాదు లేదు. పిలువనిదే వచ్చు ఆచారము వారికి లేదు. పిలువవలెనని మనకు తోచలేదు.

చేర్యాలలో పటములు వ్రాయు కుటుంబములు ఇప్పుడు కొద్దిగా మిగిలినవి. కథకులు తగ్గినందున నలువది అడుగుల పటమునకు కొనువారు తక్కువ. వారిప్పుడు ఒక్కొక్క ఘట్టమును విడదీసి, చట్రములో బిగించుటకు వీలుగా చిన్న బొమ్మలుగా వ్రాసి అమ్ముచున్నారు. ఈ బొమ్మలకు ప్రభుత్వమువారి భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది. దీనిని నిందించువారితో నేను ఏకీభవింపను. వ్రాయువాడు తినవలెను గదా. కాని కూర్పు మారిన సంగతి చెప్పక తప్పదు. పటములో ఒక వరుసయందలి ఖాళీకి అర్థము, పై వరుస, క్రింది వరుస క్రిక్కిరిసి యుండుటచేత కలిగినది. ఆ ఒక్క వరుసను కోసి గోడకు తగిలించినప్పుడు ఖాళీ వట్టి ఖాళీగనే కనబడును. అందుచేతనే కాబోలు, చిన్న బొమ్మలలో ఆ చోట ఇప్పుడు చెట్టును, రెండు చిలుకలను వ్రాయుచున్నారు. బొమ్మ అందముగనే యున్నది. బాలునకు తోడు దొరికినది.

రెండేండ్ల క్రిందట హైదరాబాదులో అట్టి బొమ్మ నొకటి కొని తెచ్చితిని. చిలుకలు లేనిదానిని వెదకి తెచ్చితిని. ఇంట గోడకు తగిలించగా, కన్నడ బడిలో నాలుగవ తరగతి చదువుచున్న మనుమరాలు చాలసేపు చూచి, "తాతా, ఇదంతా నిప్పేనా?" అని యడిగినది. ఎరుపును చూపుచున్నది. నిప్పు కాదమ్మా, పటములన్నిటికి వెనుక రంగు అదే యని చెప్పబోయి ఆగితిని. కథ తెలియనిది, తెలుగు అక్షరములు సరిగా రానిది, ఒక్క చూపులో అడుగవలసినదే అడిగినది. ఆ బాలుని చుట్టు ఉన్నది నిప్పు కాదని నేనెట్లు చెప్పగలను? చూచినంతనే తెలియునని వ్రాసిన రాజుగారిని సందేహించినందుకు నాలో నేను సిగ్గుపడితిని.

కూర్చుండబెట్టి కథ చెప్పితిని. చేతులు చూడుమని బాలుని చేతులు చూపితిని. పాశము, లింగము, శివుని కాలు, అంతవరకు బాగుగనే నడచినది. తరువాత ఏమైనదని యడిగినది. యజ్ఞము చెప్పితిని, అగ్నిలోనుండి ఋషి పుట్టుట చెప్పితిని, తామరతూటి నూలు చెప్పితిని. కాలవాసురునితో యుద్ధము ఎందుకు వచ్చినదో, పులి ఏ సమయమున వచ్చెనో నాకు వరుస తప్పినది. మూడు రాత్రులు విన్న కథ అర్ధగంటలో అయిపోయినది. మేనమామగారి కుమారునకు ఫోను చేసితిని. ఆయన నాకంటె రెండేండ్లు పెద్ద. "పులి యాదికుంది బావా, తక్కినదంతా అమ్మకు తెలుసుండె" అనెను. మా మేనత్త పోయి పదునొకండేండ్లైనది.

ఆయన ఊరిలోని కూనపులివారి చిరునామాకై వెదకుచున్నాడు. దొరికినచో దసరా సెలవులలో మూడు రాత్రులకు పిలిపించి, మన సంఘమువారి యావరణమున గుంజలు పాతింతునని సంఘమువారికి మాట యిచ్చియున్నాను. ఖర్చు విషయము ఇంకను తేలలేదు. మనుమరాలు గోడక్రింద కూర్చుండి కన్నడ పాఠము వల్లించుచు, నడుమ తలయెత్తి ఆ చేతులవంక చూచుచుండును.